2012 అమెరికా డిబేట్లలో జారిపోయిన అవకాశాలు: తప్పు వేదిక మీద జరిగిందా, సన్నాహంలోనే జరిగిందా?

2012 అక్టోబరు 16న న్యూయార్క్ రాష్ట్రంలోని హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో అప్పటి అధ్యక్షుడు, డెమోక్రటిక్ అభ్యర్థి బరాక్ ఒబామాకూ, రిపబ్లికన్ అభ్యర్థి, మసాచుసెట్స్ మాజీ గవర్నర్ మిట్ రోమ్నీకీ మధ్య అధ్యక్ష ఎన్నికల రెండో డిబేట్ జరిగింది. అందులో లిబియాలోని అమెరికా దౌత్య కార్యాలయం మీద జరిగిన దాడి విషయం రోమ్నీకి కోరి వచ్చిన అవకాశమనీ, దాన్ని ఆయన చేజేతులా పోగొట్టుకున్నారనీ మీరు రాశారు. అది ఆ క్షణంలో తడబడటం వల్ల జరిగిందా, లేక ప్రచార బృందం వేసుకున్న వ్యూహంలోనే లోపం ఉందా అని అడిగారు. ఇలాంటి డిబేట్లు అసలు ఎన్నికల ఫలితాన్ని మారుస్తాయా అన్నది మీ రెండో ప్రశ్న. విద్యార్థులను వాదప్రతివాద పోటీలకు తయారుచేసే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. ఆ పని కోసమే అమెరికా అధ్యక్ష డిబేట్ల వీడియోలనూ, వాటి పూర్తి పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటైంది. ఆ అనుభవం ఆధారంగా జవాబిస్తున్నాను.

లోపం వ్యూహంలోనే ఉందని నా అభిప్రాయం. అయితే అది రోమ్నీ ఒక్కరిదే కాదు. ఆ ఏడాది మూడు డిబేట్లలోనూ పెద్ద అవకాశాలు జారిపోయాయి. మొదటిదాంట్లో ఒబామా పోగొట్టుకున్నారు, తర్వాతి రెండింటిలో రోమ్నీ పోగొట్టుకున్నారు. వీటిలో ఏ ఒక్కటీ సమయానికి మాట తట్టకపోవడం వల్ల జరిగింది కాదు. మొదటిదీ మూడోదీ ఉన్న ఆధిక్యాన్ని కాపాడుకుంటే చాలునన్న నిర్ణయం వల్ల జరిగాయి. రెండోది ఓటరు వేసిన ప్రశ్నను వదిలేసి ప్రత్యర్థి వాడిన ఒక మాటను పట్టుకోవడం వల్ల జరిగింది. హాఫ్‌స్ట్రా సంగతి సరిగ్గా అర్థం కావాలంటే దానికి పదమూడు రోజుల ముందు డెన్వర్‌లో జరిగినదాన్ని ముందుగా చూడాలి.

అక్టోబరు 3న కొలరాడోలోని డెన్వర్ విశ్వవిద్యాలయంలో మొదటి డిబేట్ జరిగేనాటికి సర్వేల్లో ఒబామాదే పైచేయి. దానికి ప్రధాన కారణాల్లో ఒకటి సెప్టెంబరు 17న బయటపడిన రహస్య వీడియో. ఫ్లోరిడాలోని బోకా రటోన్‌లో మే నెలలో జరిగిన ఒక విరాళాల విందులో రోమ్నీ మాట్లాడుతూ, దేశంలో 47 శాతం మంది ఏం జరిగినా ఒబామాకే ఓటు వేస్తారనీ, వాళ్లు ప్రభుత్వం మీద ఆధారపడి బతుకుతూ తమను తాము బాధితులుగా భావించుకుంటారనీ, వాళ్ల గురించి పట్టించుకోవడం తన పని కాదనీ అన్నారు. ఒక అభ్యర్థి తన నోటితో తానే ప్రత్యర్థికి ఇంతటి ఆయుధాన్ని అందించడం అరుదు. అయినా తొంభై నిమిషాల ఆ డిబేట్‌లో ఒబామా ఒక్కసారి కూడా 47 శాతం అన్న మాట ఎత్తలేదు.

ఆ రాత్రి జారిపోయింది అదొక్కటే కాదు. సోషల్ సెక్యూరిటీ పింఛన్ల విషయం వచ్చినప్పుడు, ఈ అంశంలో తామిద్దరి వైఖరులూ ఒకేలా ఉన్నట్టు తోస్తోందని ఒబామా తానుగా అన్నారు. వృద్ధుల ఓట్లు కీలకమైన ఎన్నికల్లో, ఆ పథకాన్ని తమ పార్టీయే తెచ్చి నిలబెట్టిందని చెప్పుకునే డెమోక్రటిక్ అభ్యర్థి, ఇద్దరి మధ్య ఉన్న తేడాను తన నోటితోనే చెరిపేశారు. మరోచోట, ఉద్యోగాలను విదేశాలకు తరలించే కంపెనీలకు పన్ను మినహాయింపు దొరుకుతోందని ఒబామా ఆరోపించారు. దానికి రోమ్నీ, తాను ఇరవై అయిదేళ్లు వ్యాపారంలో ఉన్నాననీ, అలాంటి మినహాయింపు గురించి ఎన్నడూ వినలేదనీ, బహుశా తాను కొత్త అకౌంటెంట్‌ను పెట్టుకోవాలేమోననీ బదులిచ్చారు. రోమ్నీ నడిపిన బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడుల సంస్థ మీద, ఆయన పన్ను రిటర్నుల మీద ఒబామా బృందం ఆ వేసవి అంతా కోట్ల డాలర్ల ప్రకటనలు గుప్పించింది. ఆ ప్రకటనల సారాంశాన్ని ఒక్క వాక్యంలో చెప్పడానికి అంతకంటే అనువైన సందర్భం దొరకదు. ఒబామా తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉండిపోయారు. తెరను రెండుగా చీల్చి ఇద్దరినీ ఒకేసారి చూపిన టీవీ చానళ్ల పుణ్యమా అని కోట్లాది మంది ఆ దృశ్యాన్ని చూశారు.

దీన్ని తడబాటు అనలేకపోవడానికి కారణం మర్నాడు ఉదయం జరిగిన సంగతి. డెన్వర్‌లోనే స్లోన్స్ లేక్ పార్కులో జరిగిన సభలో ఒబామా, నిన్న రాత్రి వేదిక మీద మిట్ రోమ్నీనని చెప్పుకునే ఒక ఉత్సాహవంతుణ్ని కలిశాననీ, అయితే ఆయన రోమ్నీ అయి ఉండడనీ అన్నారు. అసలు రోమ్నీ ఏడాదిగా దేశమంతా తిరుగుతూ ధనికులకు మేలుచేసే 5 లక్షల కోట్ల డాలర్ల పన్ను కోతను వాగ్దానం చేస్తుంటే, రాత్రి కనిపించిన మనిషి తనకు ఆ సంగతే తెలియదంటున్నాడని వివరించారు. వాదన చక్కగా ఉంది, పదును ఉంది, ప్రత్యర్థి వైఖరి మార్చుకున్నాడన్న విషయం సూటిగా తాకుతోంది. కానీ దాన్ని విన్నది పార్కులోని అభిమానులు. ముందు రాత్రి డిబేట్ చూసింది 6 కోట్ల 70 లక్షల మంది. తెల్లారేసరికే ఇంత బాగా చెప్పగలిగిన వ్యక్తికి ముందు రాత్రి ఆ మాట చేతకాలేదనుకోవడం కష్టం. చెప్పకూడదని అనుకున్నారు, అందుకే చెప్పలేదు.

ఎందుకు అనుకున్నారన్నది ఊహించడం కష్టం కాదు. సర్వేల్లో ముందున్న అధ్యక్షుడు ప్రత్యర్థి మీద విరుచుకుపడితే హుందాతనం దెబ్బతింటుంది. 47 శాతం వీడియో ఎలాగూ టీవీ ప్రకటనల్లో మోగుతూనే ఉంది కాబట్టి దాన్ని అధ్యక్షుడి నోట పలికించనక్కరలేదు. ఇలాంటి లెక్క గదిలో కూర్చుని వేసుకున్నప్పుడు ఎంతో తెలివైనదిగా కనిపిస్తుంది. దీనికి తోడు పదవిలో ఉన్నవారికి ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఒకటుంది. ఒబామా 2008 అక్టోబరు తర్వాత ఒక్క డిబేట్‌లోనూ నిలబడలేదు. నాలుగేళ్లుగా ఆయన ముఖం మీద ఎదురుచెప్పినవారు అరుదు. రోమ్నీ మాత్రం రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం ఇరవై దాకా డిబేట్లలో రాటుదేలి వచ్చారు. నెవాడాలోని హెండర్సన్‌లో సెనెటర్ జాన్ కెర్రీని రోమ్నీగా నిలబెట్టి ఒబామా చేత సాధన చేయించారు. ఆ రోజుల్లోనే ఒబామా ఒక కార్యకర్తతో ఫోన్లో మాట్లాడుతూ తన చేత హోంవర్క్ చేయిస్తున్నారనీ, అది విసుగ్గా ఉందనీ అన్నారు. డిబేట్ ముందు రోజు హూవర్ ఆనకట్ట చూడటానికి వెళ్లారు. సాధన మీద ఇష్టం లేని వక్త తనకు తెలియకుండానే రక్షణాత్మక ధోరణిలోకి జారిపోతాడన్నది నేను విద్యార్థుల్లో కూడా పదేపదే చూసిన విషయం.

మొదటి డిబేట్ తర్వాత గాలప్ సర్వేలో 72 శాతం మంది రోమ్నీ నెగ్గారన్నారు, ఒబామా నెగ్గారన్నది 20 శాతం మాత్రమే. ఆ రాత్రి ఒబామా మాట్లాడిన సమయం రోమ్నీ కంటే దాదాపు నాలుగు నిమిషాలు ఎక్కువన్నది కూడా గమనించండి. సమయం దక్కకపోవడం వల్ల అవకాశాలు పోయాయనేవారికి ఇదే జవాబు.

ఎనిమిది రోజుల తర్వాత, అక్టోబరు 11న కెంటకీలో జరిగిన ఉపాధ్యక్ష డిబేట్‌లో జో బైడెన్ 47 శాతం మాటను ఎత్తడానికి ఏమాత్రం సంకోచించలేదు. రోమ్నీ చిన్నచూపు చూసిన ఆ జనం తన తల్లిదండ్రుల వంటివారనీ, తాను పెరిగిన చోటి మనుషులనీ చెప్పారు. హుందాతనం దెబ్బతినలేదు, పైగా సభలో ప్రాణం వచ్చింది. అంటే డెన్వర్‌లో ఒబామాకు అడ్డుపడింది మర్యాద కాదు, దాన్ని గురించి బృందం పెట్టుకున్న అపోహ.

ఇక మీరడిగిన హాఫ్‌స్ట్రా డిబేట్‌కు వస్తాను. అది టౌన్‌హాల్ పద్ధతిలో జరిగింది. ఏ పక్షమూ గట్టిగా తేల్చుకోని సుమారు 80 మంది ఓటర్లు చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేశారు. సీఎన్ఎన్‌కు చెందిన క్యాండీ క్రౌలీ సంధానకర్తగా ఉన్నారు. లిబియాలోని బెంఘాజీలో అమెరికా దౌత్య కార్యాలయం మీద సెప్టెంబరు 11న జరిగిన దాడిలో రాయబారి క్రిస్ స్టీవెన్స్‌తో సహా నలుగురు అమెరికన్లు చనిపోయారు. ఆ సంగతి మీద ఒక ఓటరు లేచి అడిగిన ప్రశ్న చాలా స్పష్టంగా ఉంది. దాడికి ముందు అక్కడికి అదనపు భద్రత పంపడానికి విదేశాంగ శాఖ నిరాకరించిందని చదివామనీ, అలా నిరాకరించింది ఎవరు, ఎందుకు అనీ ఆయన అడిగారు.

ఒబామా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. దాడి వార్త తెలిసిన వెంటనే తాను ఏయే ఆదేశాలిచ్చారో చెప్పారు, నేరస్థులను వదిలిపెట్టనన్నారు, విషాద సమయంలో రాజకీయం చేశారంటూ రోమ్నీని తప్పుబట్టారు. భద్రతను నిరాకరించింది ఎవరన్న మాట అలాగే గాలిలో మిగిలిపోయింది. అసలు అవకాశం అక్కడ ఉంది. రోమ్నీ చేయవలసిందల్లా ఆ ఓటరు వైపు తిరిగి, మీరు అడిగినదానికి మీకు జవాబు రాలేదు కదా అని గుర్తుచేయడం. చేతిలో సరుకు కూడా ఉంది. ఆరు రోజుల క్రితమే, అక్టోబరు 10న, ప్రతినిధుల సభ కమిటీ ముందు విదేశాంగ శాఖ భద్రతాధికారులు వాంగ్మూలమిస్తూ, అదనపు సిబ్బంది కోసం పెట్టుకున్న వినతులు నెరవేరలేదని చెప్పారు. ఆ మర్నాడే ఉపాధ్యక్ష డిబేట్‌లో బైడెన్, వాళ్లు మరింత భద్రత కోరిన సంగతి తమకు తెలియదన్నారు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి ప్రభుత్వంలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అని అడిగితే చాలు. అది వింటున్న ప్రతి ఇంటికీ అర్థమయ్యే ప్రశ్న, పైగా రికార్డులో ఉన్న సంగతులే కాబట్టి ఎవరూ కాదనలేని ప్రశ్న.

రోమ్నీ భద్రత లోపాన్ని అర వాక్యంలో ప్రస్తావించి దాటేశారు. తర్వాత అది నిరసన ప్రదర్శనా, ఉగ్రవాద దాడా అన్న విషయం ప్రజలకు చెప్పడంలో జరిగిన జాప్యం మీదికి వెళ్లారు. అక్కణ్నుంచి దాడి జరిగిన మర్నాడు ఒబామా ఎన్నికల ప్రచారం కోసం లాస్ వేగాస్ వెళ్లడం మీదికి, ఆ తర్వాత మధ్యప్రాచ్యం మొత్తం మీదికి వెళ్లిపోయారు. ఒకే జవాబులో ఇన్ని ఆరోపణలు కుమ్మరిస్తే ఎదుటివాడు వాటిలో తనకు నచ్చినదాన్ని ఏరుకుని జవాబు చెప్పే స్వేచ్ఛ పొందుతాడు. ఒబామా సరిగ్గా అదే చేశారు. నలుగురు మనవాళ్లు చనిపోయినప్పుడు తన బృందంలోని వారెవరైనా రాజకీయం చేశారనో, తప్పుదోవ పట్టించారనో అనడం అవమానకరమని రోమ్నీ కళ్లలోకి చూస్తూ చెప్పారు. ఆ జవాబులోనే, దాడి మర్నాడు వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో తాను దాన్ని ఉగ్రవాద చర్యగా పేర్కొన్నానని కూడా అన్నారు.

ఇక్కడే రోమ్నీ అడుగు తప్పారు. ఒబామా అబద్ధమాడుతూ దొరికిపోయారని ఆయన నిజంగానే నమ్మినట్టు వీడియోలో తెలుస్తుంది. దాడి మర్నాడే దాన్ని ఉగ్రవాద చర్య అన్నారా, అప్పటికప్పుడు పుట్టిన ప్రదర్శన కాదన్నారా అని రెట్టించి అడిగారు. ఒబామా స్టూలు మీద కూర్చునే, కానివ్వండి గవర్నర్ అన్నారు. ఎదురుగా ఉన్నవాడు అంత నింపాదిగా దారి ఇస్తున్నాడంటే అక్కడ ఏదో ఉందని అనుమానించాలి. రోమ్నీ అనుమానించలేదు. బెంఘాజీ దాడిని ఉగ్రవాద చర్య అనడానికి అధ్యక్షుడికి 14 రోజులు పట్టిందన్న విషయం రికార్డులో ఉండాలని గట్టిగా అన్నారు. ఒబామా, ఆ ప్రసంగ పాఠం తెప్పించండి అన్నారు. క్రౌలీ కల్పించుకుని, ఆయన నిజంగానే ఆ మాట అన్నారని చెప్పారు. ఆ సంగతి కాస్త గట్టిగా చెప్పమని ఒబామా అడిగేసరికి సభలో చప్పట్లు మోగాయి.

రోజ్ గార్డెన్‌లో ఒబామా అన్నది, ఎలాంటి ఉగ్రవాద చర్యలూ ఈ దేశ సంకల్పాన్ని కదిలించలేవని. అది బెంఘాజీని ఉద్దేశించిన మాటా, సాధారణంగా అన్న మాటా అన్నదాని మీద వాదించుకోవచ్చు. తర్వాత వారాల తరబడి వాదించుకున్నారు కూడా. కానీ ఒక వ్యాకరణ సందేహాన్ని ఆధారం చేసుకుని ఒక మాట అన్నారా లేదా అని పందెం కాయకూడదు. ప్రభుత్వం ఆ దాడిని మహమ్మద్ ప్రవక్తను కించపరిచిన వీడియోకు ప్రతిచర్యగా చిత్రించిందన్న రోమ్నీ అసలు వాదనకు ఆధారాలు బలంగానే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారి సుజాన్ రైస్ సెప్టెంబరు 16న ఆదివారం టీవీ కార్యక్రమాల్లో అదే చెప్పారు. సెప్టెంబరు 25న ఐక్యరాజ్యసమితిలో ఒబామా కూడా ఆ వీడియో గురించి మాట్లాడారు. ఇంత విశాలమైన నేల తనదిగా ఉండగా, రోమ్నీ తనకు ప్రతికూలమైన ఒకే ఒక్క అంగుళం మీద నిలబడి యుద్ధం ప్రకటించారు.

దీని తర్వాత జరిగినదాన్ని చాలామంది మర్చిపోతారు, నా దృష్టిలో మాత్రం అదే ముఖ్యం. క్రౌలీ అక్కడితో ఆగలేదు. వీడియో వల్ల చెలరేగిన అల్లరన్న కథనం తేలడానికి రెండు వారాలో అంతో పట్టిన మాట కూడా నిజమేననీ, ఆ విషయంలో రోమ్నీ చెప్పింది సరైనదేననీ అదే ఊపిరిలో అన్నారు. అంటే సంధానకర్తే ఆయనకు తలుపు తెరిచారు. ఒక్క క్షణం ఆగి, విన్నారు కదా, ఆమె కూడా ఒప్పుకుంటున్నారు, రెండు వారాలు మీకు నిజం అందలేదు, అదనపు భద్రతను నిరాకరించింది ఎవరో ఇప్పటికీ అందలేదు అని ప్రజల వైపు తిరిగి ఉంటే ఆ ఘట్టం తలకిందులయ్యేది. రోమ్నీ ప్రయత్నించలేదని కాదు. ప్రభుత్వం దాన్ని వీడియోకు ప్రతిచర్య అన్నదని చెప్పారు, రాయబారి టీవీ కార్యక్రమాలను గుర్తుచేశారు. అయితే ఆ మాటల నడుమ, ఇందులో నేను చెప్పింది తప్పా అని క్రౌలీనే అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో తీర్పు చెప్పే అధికారాన్ని సంధానకర్త చేతిలో పెట్టేశారు. ఆమె మరో ప్రశ్నకు వెళదామన్నారు, విషయం అక్కడితో ముగిసిపోయింది.

క్రౌలీ కల్పించుకోవడం న్యాయమేనా అన్నది వేరే చర్చ. ఆమె జోక్యం చేసుకోవచ్చునన్న ఆందోళన మాత్రం డిబేట్‌కు ముందే రెండు బృందాల్లోనూ ఉంది. ఉందని తెలిసిన ప్రమాదానికి సాధన గదిలో జవాబు తయారుచేసుకోకపోవడం అభ్యర్థి తప్పు కంటే సన్నాహకుల తప్పు. సంధానకర్త నీ మాట తప్పంటే ఏం చేస్తావు అన్నది సాధనలో కచ్చితంగా ఉండాల్సిన పాఠం. నా దగ్గర చేరే పిల్లలకు కూడా తొలి వారంలోనే అది చేయిస్తాను. వాళ్లు చెప్పిన ఒక లెక్క తప్పని మధ్యలో ఆపి, వాదనలో నిలిచే భాగం మీదికి రెండు వాక్యాల్లో వెనక్కి రమ్మంటాను. మొదట్లో దాదాపు అందరూ ఆ లెక్కనే పట్టుకుని వేలాడతారు.

అదే రాత్రి ఒబామా డెన్వర్‌లో వదిలేసిన అవకాశాన్ని ఎలా తిరిగి పట్టుకున్నారో చూస్తే, వ్యూహమనే మాటకు అర్థం తెలుస్తుంది. మీ గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ ఏది, దాన్ని తొలగించుకోండి అన్నది చివరి ప్రశ్న. ముందుగా జవాబిచ్చిన రోమ్నీ, తాను నూటికి నూరు శాతం అమెరికన్ల గురించి ఆలోచిస్తానని అన్నారు. శాతాల ప్రస్తావన ఆయనే తెచ్చారు. చివరి మాట ఒబామాదని ముందే నిర్ణయమై ఉంది. ఆ చివరి రెండు నిమిషాల్లో ఒబామా 47 శాతం మాటను ఎత్తి, అందులో జీవితమంతా పనిచేసి పింఛను పొందుతున్నవారు, మాజీ సైనికులు, చదువుకుంటున్న విద్యార్థులు, విదేశాల్లో పోరాడుతున్న జవాన్లు ఉన్నారని ఒక్కొక్కరినీ పేర్కొన్నారు. బదులు చెప్పడానికి రోమ్నీకి సమయం లేదు. ఎవరు ఎప్పుడు మాట్లాడతారన్న క్రమాన్ని చదివి, ప్రత్యర్థికి జవాబు చెప్పే వీలులేని చోట బలమైన మాట పెట్టడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అయితే డెన్వర్‌లో ఆయన మౌనానికి దీన్ని సమర్థనగా చూపేవారితో నేను ఏకీభవించను. మొదటి డిబేట్ చూసినవారందరూ రెండోది చూడరు, పైగా నడుమ రెండు వారాల్లో సర్వేలు ఎలా తిరిగాయో కింద చెబుతాను.

అక్టోబరు 22న మూడో డిబేట్ ఫ్లోరిడాలోని లిన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, 47 శాతం వీడియో తీసిన బోకా రటోన్. అంశం విదేశాంగ విధానం. సీబీఎస్‌కు చెందిన బాబ్ షీఫర్ మొట్టమొదటి ప్రశ్నే లిబియా మీద వేశారు. హాఫ్‌స్ట్రాలో జారిపోయింది ఆరు రోజుల్లోనే తిరిగి చేతికి వచ్చింది. రోమ్నీ దాన్ని ముట్టుకోనేలేదు. మధ్యప్రాచ్యం పరిస్థితి గురించి సాధారణ మాటలు చెప్పారు, బిన్ లాడెన్‌ను అంతమొందించినందుకు అధ్యక్షుణ్ని అభినందించారు, కేవలం చంపుకుంటూ పోతే ఈ చిక్కు తీరదన్నారు. ఆ తర్వాత కూడా చాలా విషయాల్లో ఒబామా విధానాలతో ఏకీభవిస్తూ పోయారు. మొదటి డిబేట్ తర్వాత గాలి తమవైపు వీస్తోందని ఆయన బృందం నమ్మింది. కాబట్టి యుద్ధోన్మాదిగా కనిపించకుండా, శాంతంగా, అధ్యక్ష స్థాయిలో కనిపిస్తే చాలుననుకున్నారు. దాడి జరిగిన రాత్రే తొందరపడి విమర్శ ప్రకటన ఇచ్చి అన్నివైపుల నుంచీ మాటలు పడ్డ చేదు అనుభవం కూడా ఆయనకు ఉంది. డెన్వర్‌లో ఒబామా వేసుకున్న లెక్కే ఇది, మనిషి మాత్రమే మారాడు. నౌకాదళంలో ఓడలు 1917 తర్వాత ఎన్నడూ లేనంత తగ్గాయని రోమ్నీ అన్నప్పుడు, మన దగ్గర గుర్రాలూ బాయ్‌నెట్లూ కూడా తగ్గాయి కదా అని ఒబామా తిప్పికొట్టిన మాటే ఆ రాత్రి నుంచి జనానికి గుర్తుండిపోయింది.

పాత చరిత్రలోనూ ఇలాంటివి ఉన్నాయి, రెండింటిని మాత్రమే చెబుతాను. 1976 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన డిబేట్‌లో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్, తూర్పు యూరప్ మీద సోవియట్ ఆధిపత్యం లేదని అన్నారు. ప్రశ్న వేసిన పాత్రికేయుడు మాక్స్ ఫ్రాంకెల్ నమ్మలేక మళ్లీ అడిగారు. దిద్దుకోవడానికి అంతకంటే మర్యాదైన ఆహ్వానం ఉండదు. ఫోర్డ్ దిద్దుకోకపోగా యుగోస్లావియా, రుమేనియా, పోలండ్ పేర్లు వరసగా చెప్పి మరింత లోతుకు దిగారు, తప్పు ఒప్పుకోవడానికి ఆయనకు దాదాపు వారం పట్టింది. క్రౌలీ తెరిచిన తలుపు రోమ్నీకి ఎలా కనిపించలేదో, ఫ్రాంకెల్ తెరిచింది ఫోర్డ్‌కూ అలాగే కనిపించలేదు.

రెండోది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. 1988 అక్టోబరు 13న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన డిబేట్‌లో మొదటి ప్రశ్నగా సంధానకర్త బెర్నార్డ్ షా, మీ భార్య కిట్టీ మీద అత్యాచారం జరిపి చంపేస్తే ఆ హంతకుడికి మరణశిక్ష వేయాలంటారా అని డెమోక్రటిక్ అభ్యర్థి మైకేల్ డుకాకిస్‌ను అడిగారు. డుకాకిస్ కనురెప్ప కదలకుండా, వేయాలనను, జీవితమంతా మరణశిక్షను వ్యతిరేకించానని మీకు తెలుసు కదా అని చెప్పి, గణాంకాల్లోకీ మాదకద్రవ్యాల నియంత్రణలోకీ వెళ్లిపోయారు. ఆయన సొంత అన్న స్టెలియన్‌ను 1973లో ఒక వాహనం గుద్ది ఆగకుండా వెళ్లిపోతే ఆ గాయాలతో మరణించాడు. వైద్యుడైన ఆయన వృద్ధ తండ్రిని మాదకద్రవ్యాల కోసం క్లినిక్‌లో చొరబడ్డ దుండగుడు కట్టేసి కొట్టాడు. నేరం ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో తెలిసిన మనిషి ఆయన. తన సిద్ధాంతాన్ని అంగుళం కూడా వదులుకోనక్కరలేకుండానే ఆ మాట చెప్పి ఉండవచ్చు. ఇక్కడ కూడా సిద్ధం చేసుకున్న జవాబు మరణశిక్ష అనే అంశానికి ఉంది, ఎదురుగా వచ్చిన ప్రశ్నకు లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. డిబేట్లు సర్వేలను కదిలిస్తాయి, ఫలితాన్ని కదిలించడం అరుదు. 2012లో ప్యూ సంస్థ సర్వేలో సెప్టెంబరులో ఒబామా 51, రోమ్నీ 43గా ఉన్నది డెన్వర్ తర్వాత రోమ్నీ 49, ఒబామా 45గా మారింది. అంతమంది నిజంగానే మనసు మార్చుకున్నారా అంటే, అదే మనుషులను ఎక్స్‌బాక్స్ వీడియో గేమ్ పరికరం ద్వారా మళ్లీమళ్లీ అడిగిన ఒక పరిశోధన వేరే విషయం చెప్పింది. తమ అభ్యర్థి ఓడిపోయాడని నిరుత్సాహపడ్డవారు ఆ రోజుల్లో సర్వేలకు జవాబివ్వడం తగ్గించారనీ, కనిపించిన ఊపులో ఎక్కువ భాగం అదేననీ తేలింది. నవంబరు 6న అధ్యక్షుణ్ని తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లలో ఒబామా 332, రోమ్నీ 206 గెలుచుకున్నారు. మొదటి డిబేట్ జరిగిన రెండు రోజులకే నిరుద్యోగం 7.8 శాతానికి తగ్గిందన్న ప్రభుత్వ లెక్క రావడం, ఒహాయోలో మోటారు పరిశ్రమను ఆదుకున్న నిర్ణయం వంటివి ఒబామాకు కలిసొచ్చాయి.

కాబట్టి బెంఘాజీ విషయంలో రోమ్నీ గురి తప్పకపోయి ఉన్నా గెలిచేవారు కాదని నా అంచనా. ఎన్నికల రోజున జరిపిన ఎగ్జిట్ పోల్‌లో అన్నింటికంటే ముఖ్యమైన సమస్య ఆర్థిక వ్యవస్థేనని 59 శాతం మంది చెప్పగా, విదేశాంగ విధానమని చెప్పింది 5 శాతం మాత్రమే. హాఫ్‌స్ట్రాలో ఆయనకు జరిగిన అసలు నష్టం కొన్ని నిమిషాల సమయం, డెన్వర్‌లో వచ్చిన ఊపు. అదే రాత్రి ఉద్యోగాల మీదా, నాలుగేళ్లలో ఒబామా నెరవేర్చని వాగ్దానాల మీదా ఆయన చెప్పిన జవాబు ఒకటుంది. ఆ డిబేట్ మొత్తంలో ఆయన బలంగా నిలిచిన చోటు అది, మర్నాడు టీవీల్లో మాత్రం దాని ఊసే లేకుండా పోయింది. వీలైతే ఆ జవాబునూ, లిబియా ఘట్టాన్నీ వెంటవెంటనే చూడండి. మొదటిదాంట్లో ఆయన ఓటర్లతో మాట్లాడుతున్నారు, రెండోదాంట్లో ఒబామాతోనూ క్రౌలీతోనూ మాట్లాడుతున్నారు.